మన్ను కింది అంచు

“షీటు పీకేదానికి కూలోళ్లెందుకు మేడమ్? ఇంట్లో ఆడది ఉండాది గదా.”

మునిశేఖర్ ఆ మాట నవ్వుతూనే అన్నాడు. అందులో కోపం లేదు, చిన్నచూపు చూస్తున్నానన్న ఎరుకా లేదు. ఇంట్లో ఆవు ఉండగా పాలు బయట ఎందుకు కొంటామన్నంత మామూలుగా అన్నాడు. మోటారు రూము నీడలో మంచం మీద కూర్చున్న నౌరీన్‌కు టీ గ్లాసు అందిస్తున్న అతడి భార్య కోమలి కూడా అలవాటుకొద్దీ నవ్వబోయింది. నౌరీన్ మాత్రం నవ్వలేదు. ఆమెది తిరుపతి. శ్రీసిటీలో ప్లాస్టిక్ షీట్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ పరిశోధన విభాగంలో ఉద్యోగం. కొత్త రకం షీటును పరీక్షించడానికి పలమనేరు చుట్టుపక్కల టమోటా తోటలు చూసుకుంటూ వీళ్ల తోటకూ వచ్చింది. పంట అయ్యాక పాత షీటు తీయడానికి ఎంతమంది కూలీలను పెడతారని ఆమె అడిగితే మునిశేఖర్ చెప్పిన జవాబు అది.

“అయితే అక్కనే అడగాల” అంటూ ఆమె కోమలి వైపు తిరిగింది. “ఎట్లుంటుందక్కా ఆ పని?”

ఆ పని ఎట్లుంటుందని కోమలిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. “ఏముండాది, పీకేదే” అనేసి ఖాళీ గ్లాసులు తీసుకొని లోపలికి పోయింది.

కానీ గ్లాసులు కడుగుతున్నంతసేపూ ఆ ప్రశ్న ఆమె వెంటే ఉంది. ఎట్లుంటుందీ? కలుపు రాకుండా, తడి ఆరకుండా సాళ్ల మీద షీటు పరిచేటప్పుడు గాలికి లేచిపోకుండా రెండు వైపులా అంచులను మన్నులో పూడుస్తారు. పంటకాలమంతా దాని మీద తొక్కుళ్లూ నీళ్లూ పడి, పంట అయ్యేసరికి ఆ మన్ను ఇటుకలా బిగుసుకుపోతుంది. మొక్కలు కోసేసి, కట్టెలు పెరికేసి, డ్రిప్పు పైపులు చుట్టేశాక, నడుము వంచి, వేళ్లు మన్నులోకి దూర్చి, ఆ అంచు పట్టుకొని లాగాలి. లాగితే జానెడు వస్తుంది, పుటుక్కున తెగుతుంది. మళ్లీ వంగి, తెగిన కొస యాడుందో తడుముకోవాలి. ఒక సాలు అయ్యేసరికి గోళ్ల కింద నెత్తురు, నడుములో కొడవలి. దున్నేది పని. మందు కొట్టేది పని. మండీకి బాక్సులు తోలేది పెద్ద పని. ఆ రోజు మునిశేఖర్‌కు కోడికూర కూడా వండాలి. షీటు పీకేది మాత్రం పని కాదు. వంటయ్యాక పొయ్యి తుడిచినట్లు, అందరూ తిన్నాక ఆకులెత్తినట్లు, అది పని అయిపోయిన తర్వాత మిగిలేది. మిగిలేవన్నీ ఆడవాళ్లవి.

పోయిన వేసవిలో ఆమెకు ఐదో నెల. మోటారు రూము గోడ పక్క సాల్లో వంగి షీటు లాగుతోంది. పక్క సాల్లో చేతిసాయానికొచ్చిన స్నేహితురాలు ఎస్తేరు ఉంది. ఆ అంచు ఎంతకీ రాలేదు. రెండు చేతులతో పట్టి, కాళ్లు తన్నిపెట్టి లాగింది. అంచు వచ్చింది. దాంతోపాటు లోపల ఏదో జారింది. ఎస్తేరు పరుగెత్తుకొచ్చి తన కొంగు విప్పి ఆమె చుట్టూ చుట్టింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ “ఏమైనా బరువు పని చేసినావా తల్లీ?” అని అడిగినప్పుడు, కోమలి నోరు తెరిచేలోపే మునిశేఖర్ అందుకున్నాడు. “పనేం లేదు మేడమ్. గడప కాడ కాలు జారినాది.” అతడి కళ్లలో బెదురు ఉంది. పెళ్లాం మీద ప్రేమ లేని మనిషేమీ కాదు; ఆ పూటంతా తిండి లేకుండా వరండాలోనే కూర్చున్నాడు. అందుకే ఆమె కూడా ఊరుకుంది. ఊరుకోవడంతో గడపే నిజమైపోయింది. చూడవచ్చిన చుట్టాలందరూ గడపను చూసి పోయారు. ఒక పెద్దమ్మ దానికి దిష్టి కూడా తీయించింది.

అత్త నాగులమ్మ అన్న మాట మాత్రం గడప దగ్గర ఆగలేదు. “మేం తొమ్మిది నెల్లూ కలుపు తీసి, పొద్దుగూకి ఇంటికొచ్చి కన్నాము. దీని కడుపుకు పట్టు లేదు” అంది పక్కింటామెతో. ఒక్కసారే అంది. కానీ కోమలి పొద్దున్నే దేవుని గూట్లో దీపం పెట్టేటప్పుడల్లా ఆ మాట ఒత్తితోపాటు అంటుకునేది. నా కడుపుకు పట్టు లేదా స్వామీ? పట్టుకోవడం నాకే చేతకాలేదా? వెంకన్న పటంలో నామాల కింద కళ్లు కనపడవు. ఆయన వింటున్నాడో లేదో ఆమెకెప్పుడూ తెలిసేది కాదు.

మునిశేఖర్ ఒప్పుకున్నాక, కొత్త షీటు పరిచే రోజు నౌరీన్ మళ్లీ వచ్చింది. మామూలు షీటు కంటే పల్చగా, కాస్త పచ్చ ఛాయతో ఉంది అది. మధ్యాహ్నం అన్నాల వేళ, మగవాళ్లు పైపుల దగ్గర ఉండగా, ఆమె సంచిలోంచి రెండు చిన్న సీసాలు తీసి కోమలికీ ఎస్తేరుకూ చూపించింది. ఒకదాంట్లో నలుపు కలిసిన గోధుమరంగు పొడి, ఇంకోదాంట్లో పచ్చ పొడి.

“ప్లాస్టిక్ అంటే పొడుగాటి గొలుసులక్కా. కంటికి కనపడవు. ఎండ పడే కొద్దీ అవి తెగాలని చూస్తాయి. తెగకుండా ఈ మందు కలుపుతాం. ఈ నల్లదాంట్లో నడుమ ఇనుము ఉంటుంది. గంధకం ఉండే చేతులు చుట్టూ చేరి దాన్ని పట్టుకోని ఉంటాయి. ఒక చేత్తో ఒక పక్క పట్టుకునేది కాదు, ఒక్కో చెయ్యి రెండు పక్కలా కరిచి...”

“ఎండ్రకాయ పట్టుకున్నెట్లా?” అంది కోమలి. చిన్నప్పుడు సత్యవేడు దగ్గర అవ్వగారి ఊర్లో వరి మళ్ల గట్ల మీద ఎండ్రకాయలు పట్టేది. ఒకసారి దాని డెక్క వేలికి పడితే గుంజేకొద్దీ బిగిసింది.

నౌరీన్ అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకొని చూసింది. “అదే పేరక్కా దీనికి! కీలేట్ అంటారు. గ్రీకు భాషలో ఎండ్రకాయ డెక్క అని.”

“అబ్బ! సదువుకున్నోళ్లు గూడా ఎండ్రకాయల్ని సూసే పేర్లు పెడతారా?” అంది ఎస్తేరు. ముగ్గురూ నవ్వారు.

“ఆ డెక్కలు బిగించినంత కాలం ఎండ దెబ్బను ఈ మందే కాచుకుంటుంది. గొలుసులు తెగవు. కానీ రోజూ కాచుకుంటా కాచుకుంటా డెక్కలు ఒక్కొక్కటే అయిపోతాయి. ఆఖరికి ఇనుము విడిపడుతుంది. అప్పుడు ఆ ఇనుమే గొలుసుల్ని తెంపడం మొదలుపెడుతుంది. షీటు తనంతట తాను పొడి అయిపోతుంది.”

“కాపాడిందే తెంపుతుందా?”

“కాపాడిందే. దాని వేళ వచ్చినాక. ఈ పచ్చది నికెల్‌దక్కా. దీని పట్టు ఇంకా గట్టిది. ఎక్కువ వేస్తే షీటు ఎక్కువ నాళ్లు నిలుస్తుంది, తగ్గిస్తే తొందరగా పోతుంది. టమోటాకు ఎన్నాళ్లు కావాలో అన్నాళ్లు నిలిచేటట్లు రెండింటినీ పొసగించడమే నా ఉద్యోగం.”

కోమలి ఆ సీసాను ఎండకెత్తి చూసింది. చిటికెడు పొడి. దీపం కుందె అడుగున మిగిలే మసిలాగా ఉంది. దీనికి కాలం తెలుసా? ఇన్నాళ్లు పట్టుకోవాలి, ఇప్పుడు విడవాలి అని దీని చెవిలో ఎవరు చెప్పారు? కాడ కాయను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే గాలివాన కూడా తెంపలేదు. పండగానే ఆ కాడే విడుస్తుంది. ఆడదాని కడుపూ అంతే కదా. తొమ్మిది నెలలు దేన్నీ దగ్గరికి రానీయక బిగించి పట్టుకున్నదే, ఆ వేళకు తానే నొప్పి తీసి బయటికి నెడుతుంది. ఎవరూ నేర్పరు. ఈ పసుపూ కుంకుమా లేని ఫ్యాక్టరీ పొడిలో కూడా అదే బుద్ధి ఉందా? సీసాను తిరిగి ఇచ్చేటప్పుడు, ప్రసాదం గిన్నె ఇచ్చినట్లు రెండు చేతులతో ఇచ్చింది.

పూత రాలి పిందె పడే రోజుల్లో కోమలికి నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు. పోయినసారి అందరికీ తెలిసే కదా ఆ సాల్లోకి దిగింది. తెలిసినందువల్ల ఒరిగిందేమిటి? “నిదానంగా చేయి” అన్నారు, అంతే. వద్దని ఒక్కరూ అనలేదు. ఈసారి ఆమె ఆశ మనుషుల మీద లేదు, ఆ పల్చని పచ్చ షీటు మీద ఉంది. అది మాట నిలుపుకుంటే పంట అయ్యాక పీకే పనే ఉండదు. వంగనక్కర్లేదు. ఒక శనివారం పొద్దున పసుపు గుడ్డలో రూపాయి కట్టి స్వామి పటానికి ముడుపు వేలాడదీసింది. ఏమని మొక్కుకోవాలో తోచలేదు. బిడ్డ నిలవాలని అడగడానికి ధైర్యం చాలలేదు. “స్వామీ, ఆ షీటు పగలాల” అంది చివరికి. అని తనకే నవ్వొచ్చింది. ఏడు కొండలెక్కి వచ్చేవాళ్లు ఏమేమో కోరుకుంటారు, ప్లాస్టిక్ పగలాలని కోరుకున్నది తానొక్కతే అయుంటుంది.

అక్కణ్నించి రోజూ పొద్దున నీళ్లు వదిలే నెపంతో వచ్చి షీటును చూసుకునేది. వేలితో నొక్కితే తోలులా సాగేది. ఒక్క కలుపు మొలకను పైకి రానివ్వలేదు, చుక్క తడిని పోనివ్వలేదు. చూసి సంతోషించాలో దిగులుపడాలో తెలిసేది కాదు.

మొదటి కోతలు నడుస్తుండగా మోటారు రూము పక్క సాల్లో మాత్రం షీటు ముందే పగిలింది. చిట్లి, గాలికి పొరలు పొరలుగా లేచిపోతోంది. ఆ సాల్లోనే. మునిశేఖర్ ఫోను చేసి నౌరీన్‌ను పిలిపించాడు.

“సూడండి మేడమ్, పంట సగంలోనే పాయె. మీ మందులో పట్టు లేదు.”

వెనకాల బాక్సుల్లోకి కాయలు ఏరుతున్న కోమలి చేయి ఆగిపోయింది.

నౌరీన్ ఆ చిట్లిన ముక్కను చేతిలోకి తీసుకొని, గోడను చూసింది, ఆకాశాన్ని చూసింది, మళ్లీ గోడను చూసింది. తెల్లగా సున్నం కొట్టిన గోడ. “అదే షీటు, అదే మందు, పక్క సాల్లో నిలబడింది గదన్నా. ఈ సాలుకు పైనుంచి పడే ఎండ ఒకటి, ఈ తెల్లగోడ మీద పడి తిరిగి కొట్టే ఎండ ఇంకొకటి. రెండు ఎండలు ఒకదాని మీదే పడితే ఎంత గట్టి పట్టైనా ముందే విడుస్తుంది. పట్టుది తప్పు కాదు. దాని మీద పడిన దానిది.”

“అదేలే. సున్నం కొట్టింది గూడా నేనే” అని మునిశేఖర్ నవ్వేసి తేలికగా పోయాడు.

కోమలి చేతిలోనే ఒక కాయ మెత్తబడి రసం మోచేతి దాకా కారింది. పట్టుది తప్పు కాదు. ఆ మాటను ఆమె లోపల మళ్లీ మళ్లీ అనుకుంది, మంత్రంలాగా. పొద్దున నాలుగింటికి లేచి పేడ తీసి, నీళ్లు మోసి, వండి, పెట్టి, ఎండలో వంగి లాగి, మళ్లీ పోయి వండి. ఎన్ని ఎండలు పడ్డాయి ఆ చిన్న పట్టు మీద! ఏడాదిగా తన ఒంటినే నిలదీసి అడుగుతూ వచ్చింది తాను. గోడను ఒక్కసారీ అడగలేదు. మెత్తబడిన కాయను పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, ఏడుపు వచ్చేస్తుందేమోనని పక్క సాల్లోకి పోయింది. ఏడుపు రాలేదు. ఒళ్లంతా ఖాళీ అయినట్లు, చాలాకాలంగా తలమీదున్న నీళ్లబిందె దించినట్లు ఉంది.

కడపటి కోత అయిన వారానికి, మిగతా సాళ్లలోనూ వేళ వచ్చింది. ముందు చప్పుడు మారింది. నడుస్తుంటే కాలికింద అప్పడం విరిగినట్లు పటపటమంది. కోమలి కూర్చొని వేలితో తాకింది. ఇన్నాళ్లు తోలులా సాగిన షీటు ఉల్లిపొరలాగా లేచొచ్చింది. రెండు వేళ్ల మధ్య నలిపితే పొడి పొడి అయింది, విభూతిలాగా. సాలు పొడుగునా అట్లాగే ఉంది. ఏ చేయీ పడకుండా, ఎవరి నడుమూ వంగకుండా, చెప్పిన వేళకు తనంతట తానే విడిచేసింది.

“స్తోత్రం!” అంది పక్కన నిలబడ్డ ఎస్తేరు, గొంతు తగ్గించి. “నిజంగానే పాయనే కోమలీ!”

కోమలి తెలియకుండానే చేతులు జోడించింది. ఎవరికని ఎస్తేరు అడిగితే చెప్పలేకపోయేది. స్వామికా, ఇనుముకా, ఆ పిల్లకా? అంతా ఒకటేనేమో. కంటికి కనపడనంత చిన్న డెక్కలు కోట్ల కోట్లు, పంటంతా ఎండ కాచుకొని కాచుకొని, ఒకదాని తర్వాత ఒకటి విడిచి, ఇప్పుడు ఈ పొడి. ఎంత ఓర్పు! ఎంత లెక్క!

మరుసటి వారం నౌరీన్ వచ్చినప్పుడు కోమలి అడిగింది. “ఈ పొడంతా యాడికి పోతుంది పాపా? మన్నులోనేగా ఉంటుంది?”

“ఉంటుందక్కా” అంది నౌరీన్ దాచకుండా. “చిన్న చిన్న ముక్కలుగా చాలా నాళ్లు ఉంటుంది. మన్నుకు మంచిదో చెడ్డదో ఇంకా చూస్తానే ఉండాం. అంతా బాగుందని నేను చెప్పలేను.”

ఆ జవాబు కోమలికి నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పేవాళ్లు ఆమెకు తక్కువగా తగిలారు.

తోట చూడటానికి ఫ్యాక్టరీ ఆఫీసరొకాయన, చుట్టుపక్కల ఊళ్ల రైతులు పదిమంది వచ్చిన రోజున మునిశేఖర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. “సూడండప్పా, తొక్కితే పొడి. మా ఆడోళ్ల నడుములు మిగిలినాయి” అని సాలుసాలుకూ చెప్పాడు. నాగులమ్మ మోటారు రూము మెట్టు మీద కూర్చొని ఉంది. కోమలి పళ్లెంలో మజ్జిగ గ్లాసులు పెట్టుకొని వచ్చింది. అప్పుడే ఒక రైతు కూర్చొని, గోడ పక్క సాల్లో మన్నులోకి వేళ్లు దూర్చి, పట్టి లాగాడు. జానెడు షీటు వచ్చింది. కొత్తదానిలా మెరుస్తూ, సాగుతూ, గట్టిగా ఉంది.

“ఏమబ్బా, ఇది పగల్లేదే?”

అందరూ నౌరీన్‌ను చూశారు. ఆమె అతడి చేతిలోని ముక్కను వేలితో సాగదీసి చూసింది. “మన్ను కింద ఉన్నదానికి ఎండ తగల్లేదు. ఎండ తగలనిదే డెక్క విడవదు. ఇది మా షీటులో ఇంకా ఉన్న లోపమే. బయటికి తీసి ఎండకు పడేస్తే ఇదీ పొడి అవుతుంది. కానీ ఎవరో ఒకరు బయటికి తీయాల.”

“దానిదేముండాది సార్” అన్నాడు మునిశేఖర్ ఆఫీసరు వైపు తిరిగి, చొక్కా సర్దుకుంటూ. “అంచులే గదా. మా ఇంట్లో ఆమె రేపటికంతా పీకేస్తుంది.”

“నేను పీకను” అంది కోమలి.

గొంతు పెద్దది చేయలేదు. అయినా అందరికీ వినపడింది.

“ఏందే, పదిమందిలో?” మునిశేఖర్ నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, ఏం చేయాలో తెలియక ఆగిపోయినట్లు.

“పదిమందిలోనే చెప్తాండా. పోయినేడు నేను గడప కాడ జారలేదు. ఈ సాల్లో, ఈ అంచు పీకతా ఉంటే పోయింది నా బిడ్డ. ఎస్తేరును అడగండి. నువ్వు ఆసుపత్రిలో గడప పేరు చెప్తివి. నేనూ ఊరకుంటి.” ఊపిరి తీసుకుంది. “ఇప్పుడు మళ్లా నాకు మూడు దాటి నాలుగో నెల. నేను వంగను.”

ఆ అంచు లాగిన రైతు దాన్ని మెల్లగా కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. ఎస్తేరు వచ్చి కోమలి పక్కన నిలబడింది. “నా కొంగే సుట్టినాన్నా ఆ పొద్దు” అంది మునిశేఖర్‌తో. అతడు భార్యను చూడలేక ఆ సాలును చూశాడు. అది అతడికి కొత్తదానిలాగా కనిపిస్తున్నట్లుంది.

మెట్టు మీద నుంచి నాగులమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుంటూ సాలు దాటి వచ్చింది. కోమలి సిద్ధపడింది, ఏ మాట పడినా తట్టుకోవాలని. అత్త ఆమె చేతుల్లోంచి పళ్లెం తీసుకుంది.

“మూడు నెల్లుగా ఒక్కనాడూ మానకండా దీపం నువ్వే పెడతాండావు” అంది, కోమలికి మాత్రమే వినపడేటట్లు. “నెలలో మూడు పొద్దులు నేను పెట్టేదాన్ని గదా. నాకు కండ్లు లేవనుకున్నావా?”

అంటే తెలుసు. తెలిసీ నీళ్లు మోస్తుంటే చూసింది, డ్రిప్పు పైపులు చుడుతుంటే చూసింది, నోరు తెరవలేదు. కోమలికి కోపం రావాలి. వస్తుంది కూడా, ఈరోజు కాకపోతే రేపు. ఆ లెక్క వాళ్లిద్దరి మధ్య తేలవలసిందే. కానీ ఇప్పుడు ఆమెకు ఆ ముసలి చేతులు మాత్రమే కనిపించాయి. మన్ను ఎన్నడూ వదలని గోళ్లు, వంకరపోయిన వేళ్లు. తొమ్మిది నెల్లూ కలుపు తీసిన చేతులు. ఆ కాలంలో అందరూ కన్నారని చెబుతుందే గాని, అన్నీ నిలిచాయని ఆమె ఎప్పుడూ చెప్పలేదు కదా. అది ఇన్నాళ్లకు తట్టింది కోమలికి.

నాగులమ్మ కొడుకు వైపు తిరిగింది. “ఏందిరా నిలబడుకోని సూస్తాండావు? ఇస్త్రీ సొక్కా ఇప్పి ఆడ పెట్టు. వంగు.”

మునిశేఖర్ వంగాడో లేదో చూడటానికి కోమలి ఆగలేదు. రైతు కింద పెట్టిన ఆ అంచు ముక్కను కాలి బొటనవేలితో మన్ను మీదికి జరిపి, ఎండ బాగా పడే చోట పరిచి, నిటారుగా నడుచుకుంటూ ఇంటి దారి పట్టింది.